నిమ్మరసంలో పగడాలు

నేను కాలేజీలో చదివే రోజుల్లో మా ఇంట్లో నాకు తెలియని విషయం ఒకటుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. మా నాయనమ్మను అవ్వా అని పిలిచేవాళ్లం. ఆమె నన్ను పేరుతో పిలవడం మానేసి ‘బీయస్సీ’ అనేది. అది గౌరవమనే చాలాకాలం నమ్మాను. ఆ వేసవిలో అక్కకు కొడుకు పుట్టాడు. మా ఇంట పుట్టిన బిడ్డకు పేరు పెట్టే రోజున అవ్వ దాచిన పాత పగడాల దండ వేయాలి. ఒక్కో పగడం మీద గోరంత పువ్వు చెక్కి ఉండేది, మధ్య మధ్య ఆకుపచ్చ రాళ్లు. ఇద్దరు బిడ్డలు పోయాక, ఆ దండ వేస్తేనే మా నాన్న దక్కాడని అవ్వ నమ్మకం (నేను నవ్వేదాన్ని). దారం చివికిపోయింది కాబట్టి కొత్తగా గుచ్చే పని అడిగి మరీ తీసుకున్నాను.

నిమ్మతోటల గూడూరు వాళ్లం. ఇత్తడి చెంబు నుంచి తలవెంట్రుకల దాకా దేనికి మెరుపు కావాలన్నా మాకు నిమ్మకాయే. పేరు పెట్టే రోజు పొద్దున్నే పూసలన్నీ గిన్నెలో పోసి నిమ్మరసం పిండాను. కాసేపటికి సన్నని బుడగలు లేచాయి. మురికి వదులుతోందని సంతోషించి ఇంకో రెండు కాయలు పిండాను. (సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పగడమూ ఆ జాతిదేనని తట్టలేదు.) మధ్యాహ్నం తీస్తే రాళ్లు మెరుస్తున్నాయి. పగడాలు మాత్రం సుద్దముక్కల్లా పాలిపోయాయి, పువ్వుల రేకులు అరిగిపోయాయి.

గిన్నె పట్టుకుని అవ్వ ముందు నిలబడ్డాను. ఆమె వంగి వాసన చూసింది.

“ఏంది బీయస్సీ, పూసలకు ఊరగాయ పెట్టినావా?”

“మెరుస్తాయని పోసినానవ్వా.”

“చంపినావు గదే! నా బిడ్డకిప్పుడేం వేసేది?” అని అక్క ఏడుపు అందుకుంది.

అవ్వ ఒక పగడాన్ని వేళ్ల మధ్య తిప్పింది. అరిగిన పువ్వు కోసం ఆమె బొటనవేలు వెతుక్కోవడం చూశాను. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

“ఊరుకోవే, వాడేమన్నా అద్దంలో చూసుకుంటాడా? దారం తే, గుచ్చుదాం,” అంది చివరికి.

పూస పూసకూ నాచేత ముడి వేయించింది. వదులుగా ఉంటే విప్పించి మళ్లీ వేయించింది. సాయంత్రం బిడ్డ మెడలో వెలిసిపోయిన దండ చూసి చుట్టాలు అడిగితే, “మా బీయస్సీ కడిగింది,” అని మాత్రం చెప్పింది.

ఇప్పుడా దండ నా పాప మెడలో ఉంది. పాప తుమ్మితే చాలు, ఉందో లేదోనని తడుముతాను. తెగితే పూస మింగుతుందేమోనని ముడులన్నీ లాగి చూస్తాను. తీస్తే ఒక భయం, ఉంచితే ఇంకో భయం. పాలూ చెమటా పట్టి జిడ్డుగా ఉంది. మంచినీళ్లతోనైనా కడగొచ్చో లేదో అడుగుదామంటే, ‘బీయస్సీ’ అని పిలిచే మనిషి లేదు.