తడక వెనక ఏటి పిట్టలు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను నవ్వి పంపేవాడిని. గోదావరిఖని బొగ్గు బాయిల్లో అలాంటి కథలకు కొదవ లేదు. ఫలానా చోట చచ్చిపోయిన మనిషి ఇంకా దీపం పట్టుకుని తిరుగుతున్నాడని భయపెడితే, సరిగ్గా అక్కడే కూర్చుని సద్ది విప్పేవాడిని. ఏళ్ల తరబడి భూమి కింద పనిచేసినవాడికి దేనికి భయపడాలో తెలుస్తుంది. పైకప్పుకు భయపడాలి, బాయిలో పుట్టే విషపు గాలికి భయపడాలి. మిగతాదంతా పనిలేని మాట. ఇప్పటికీ నా అభిప్రాయం అదే, ఒక్క విషయంలో తప్ప.

డెబ్బైల మొదట్లో నేను స్టోయింగ్ పనిలో ఉండేవాడిని. బొగ్గు తీశాక మిగిలే ఖాళీని అలా వదిలేస్తే పైనున్న నేల కుంగుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్లలో కలిపి, పైపుల్లోంచి కిందికి వదిలి ఆ ఖాళీ నింపుతారు. ఇసుక జారిపోకుండా ముందర వెదురు తడకలు కడతాం. నీళ్లు కారిపోతాయి, ఇసుక నిలబడిపోతుంది. మా ప్రాణాలు కాపాడేది ఆ ఇసుకే కాబట్టి దాని మీద నాకు ఏ కోపమూ లేదు.

మా రాజక్క ఏటి ఒడ్డున ఒక పల్లెలో ఉండేది. బావ పోయాక ప్రతి ఎండాకాలం గోదావరి ఇసుక తిన్నె మీద పుచ్చతీగలు పెట్టి, చిన్న గుడిసె వేసుకుని కాపలా ఉండేది. ఆ తిన్నె మీదే నల్లటి తల, పసుప్పచ్చ ముక్కు, చీలిన తోక ఉన్న తెల్లటి ఏటి పిట్టలు గుడ్లు పెట్టేవి. గూడంటూ కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులో పెడతాయి, గుడ్డు కూడా ఇసుక రంగులోనే ఉంటుంది. అక్కకు ఆ పిట్టలంటే పంచప్రాణాలు. పొద్దంతా తనతో మాట్లాడేవి అవేనని అనేది.

ఆ ఏడు మా బాయికి ఇసుక తోడే యంత్రాన్ని సరిగ్గా ఆ తిన్నె మీదికే తెచ్చారు. అక్క కబురు పెడితే వెళ్లి చూశాను. సగం తిన్నె అప్పటికే లేదు. పగిలిన గుడ్లు కొన్ని యంత్రం దారిలో పడి ఉన్నాయి. పిట్టలు గుంపుగా పైన తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. అక్క తన పుచ్చతీగల గురించి ఒక్క మాట కూడా అనలేదు.

"నువ్వు కంపెనీల ఉన్నవు గదా తమ్మీ. పెద్దోళ్లకు జెప్పు. వానల దాంక ఆగితె పిల్లలు ఎగిరిపోతయి," అంది.

చెబుతానని మాటిచ్చాను. మాటివ్వడంలో నేనెప్పుడూ ముందే ఉంటాను. మర్నాడే ఇసుక పని చూసే ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లి, యంత్రాన్ని కాస్త దిగువకు జరపమని అడిగాను. అక్కడున్నదీ ఇసుకే కదా అన్నాను. పిట్టల కోసం బాయి ఆపమంటావా అని ఆయన పక్కవాళ్లతో కలిసి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కానీ పిట్ట గుడ్లు పగులుతున్నాయని చెబితే వినే ఆఫీసు ఏదీ ఆ రోజుల్లో నాకు తెలియదు.

తర్వాత కొద్ది రోజులకే ఫస్ట్ షిఫ్టులో నేనూ యాకోబూ కొత్త తడక దగ్గర ఉన్నాం. యాకోబు నా జతగాడు, ఆదివారం ప్రార్థన మానని మనిషి, సరదాకైనా అబద్ధమాడడు. పైపు కట్టేసి, నీళ్లు కారిపోవడం కోసం ఎదురుచూస్తున్నాం. తడక వెనక నుంచి పిట్టల కూత వినిపించింది. ఒక్కటి కాదు, గుంపు. అక్క దగ్గర నేను విన్న కూతే. యాకోబు వైపు చూస్తే అతనప్పటికే పని ఆపి వింటున్నాడు.

నేను ఊరికే నమ్మే రకం కాదు. పైపులో గాలి ఈల వేస్తోందేమోనని దాని మూతికి చెవి పెట్టి చూశాను, లోపల ఏ చప్పుడూ లేదు. నీళ్ల చప్పుడేమోనని కారడం ఆగేదాకా ఉన్నాం. నీళ్లు ఆగాయి గానీ కూత ఆగలేదు. గుడ్లేవైనా ఇసుకతో పాటు వచ్చాయా అంటే, అంత వేగంగా పైపులో పడి గుడ్డు నిలవదు. నిలిచినా అంత ఇసుక కింద ఏ పిట్టకూ అరిచే వీలుండదు.

బాయిలో ఒక నియమం ఉంది. ఎరగని శబ్దం ఏది విన్నా, కింద మా పని చూసే అధికారి ఓవర్‌మన్‌కు చెప్పి తీరాలి. చిన్న చప్పుడును పట్టించుకోక మనుషులు పోయిన చోటు అది. పిచ్చోళ్లమంటారు, చెప్పొద్దని యాకోబు బతిమాలాడు. నేను చెప్పాను. పిట్టలని అనలేదు, తడక వెనక శబ్దం వస్తున్నదన్నాను. ఆ మాటకు బాయిలో ఎవరూ నవ్వరు. ఓవర్‌మన్ వచ్చి, విని, మమ్మల్ని వెనక్కి పంపి అక్కడ పని ఆపించాడు. పని ఆగినా కూత ఆగలేదు. నాలుగు రోజులు చూసి చివరికి మేనేజరే దిగాడు.

ఆయన తడకకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఇదేమిటని నన్నే అడిగాడు.

"ఏటి పిట్టలు సార్. మనకస్తున్న ఇసుక, గవి గుడ్లు పెట్టిన తిన్నెదే," అన్నాను.

ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. తడక వదిలి పైకి వెళ్లిపోయాడు. మర్నాడు యంత్రాన్ని దిగువకు జరిపారు. ఆ తిన్నె ఇసుకలో మట్టి ఎక్కువగా ఉందని కారణం చెప్పారట. మేం మళ్లీ తడక దగ్గరికి వెళ్లేసరికి లోపల ఏ శబ్దమూ లేదు. ఆ సంగతి మేమెవరమూ మళ్లీ ఎత్తలేదు.

సెలవు రోజున అక్క దగ్గరికి వెళ్లాను. బాయిలో జరిగింది ఆమెకు నేను చెప్పలేదు, చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు. మిగిలిన తిన్నె మీద పిట్టలు గోలగోలగా అరుస్తున్నాయి. అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్ల ఒకటి ఇసుకలో తడబడుతూ పరుగెత్తింది. మాట నిలబెట్టుకున్నానని నాకు చాలా గర్వంగా అనిపించింది. అక్క మాత్రం వింతగా ఒక మాట చెప్పింది. నేను వచ్చిపోయిన కొద్ది రోజులకు, ఒకనాటి పొద్దున్నుంచి పిట్టలన్నీ మూగబోయాయట.

"మిషిని మీద మీదనే తిరిగినయి, నోర్లు తెరిసినయి. కూత మాత్రం రాలె తమ్మీ. మిషిని పోయిన దినమే మళ్ల కూసినయి. అన్ని దినాలు వాటి గొంతు ఏడికి పోయిందో," అంది.

ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఎలా పోయిందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.