శాంతిప్రియ పేరు

పొట్నూరు గణపతిరావుగారిని ధనశ్రీ మొదటిసారి చూసింది రాయగడలో, వర్తకుల సంఘం మేడమీది హాల్లో, ఒక కార్తిక ఆదివారం ఉదయం. కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువారి కోసం ఆమె నడుపుతున్న వాట్సాప్ గ్రూపుకు అది తొలి కలయిక. ఏడాదిగా ఒకరి మాట ఒకరు చదువుకుంటున్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకునే రోజు. ధనశ్రీ తన బట్టల దుకాణానికి సెలవిచ్చి వచ్చి, గుమ్మం పక్కన బల్ల వేసుకుని, ఫోనులో ఉన్న పేరునే చీటీ మీద రాసి, వచ్చినవారికి అంటిస్తోంది.

ఆమె ఎదురుచూపంతా సునాబెడ శాంతిప్రియ కోసమే. ఏ కూర మాడిందో, ఏ బస్సు ఆగిపోయిందో నవ్వు పుట్టేలా రాసే మనిషి. బొయిపరిగుడలో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ముందుగా అడిగేది ఆవిడే. "కలుసుకున్న నాడు నానొస్తాను, సిమ్మిలి తెస్తాను" అన్నదే ఆవిడ చివరిసారి రాసిన మాట. తరువాత మూడు వారాలుగా అలికిడి లేదు.

బల్ల ముందుకు అరవై దాటిన ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డారు. నుదుటి దాకా మఫ్లరు. చేతిలో స్టీలు డబ్బా.

"పేరు సెప్పండి."

"శాంతిప్రియ అని రాయమ్మి."

కొల్నారలో ఎరువుల దుకాణం నడిపే మల్లేశు పక్కనుంచి అందుకున్నాడు. "శాంతిప్రియక్కా! గొంతేటి అలా బొంగురుపోయింది? సలి గాని పట్టిందేటి?"

హాలంతా నవ్వింది. ధనశ్రీ నవ్వలేదు. రెండు నెలల కిందటే ఎవడో ఆడపేరుతో గ్రూపులో చేరి ఆడపిల్లలను వేధించాడు. అలాంటివాణ్ణి మళ్లీ రానివ్వనని ఆమె అందరికీ మాట ఇచ్చి ఉంది.

"ఈ వయసులో సెయ్యవలసిన పనేనా ఇది? ఇన్నాళ్లూ మమ్మల్ని వెర్రోల్లని సేసేరు!"

"అది కాదమ్మి, ఆవిడ..."

"ఏటీ సెప్పకండి."

అందరూ చూస్తుండగానే ఆ నంబరును గ్రూపులోంచి తీసేసింది. ఆయన డబ్బాను బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక ధనశ్రీ ఆ డబ్బా తెరిచింది. చిమ్మిలి. నువ్వులు సగమే నలిగాయి, బెల్లం గడ్డలుగానే ఉంది. చెయ్యి తిరగనివారెవరో దంచినది. మూత తిప్పి చూస్తే, చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: పొ. శాంతిప్రియ. కింద పెళ్లి తేదీ. దొంగపేరును ఎవరూ స్టీలు మీద చెక్కించుకోరు.

ఆమె వెంటనే ఆ నంబరుకు ఫోను చేసింది. అవతల బస్సు రొద.

"బాబాయ్, నేను ధనశ్రీని. శాంతిప్రియగారు..."

"ఎల్లిపోయింది అమ్మి. పెద్దకర్మయ్యి వారం. వస్తానని అందరికీ మాటిచ్చీసింది గదా, ఆ మాట పోకూడదని నానొచ్చేను."

కర్మకు తీయించిన గుండు కనబడకుండా మఫ్లరు చుట్టుకున్నారని అప్పుడు గాని ధనశ్రీకి తట్టలేదు.

"రేషను కార్డులోంచి కొట్టీసేరు. ఆస్పత్రి కార్డులోంచి తీసీసేరు. అది నాయమే, నాను కాదన్ను. మీ గ్రూపు ఒక్కదాన్లో ఆవిడ పేరు ఉండిపోయిందనుకున్నాను." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది.

మరునాడు పొద్దున్నే శాంతిప్రియ నంబరును తిరిగి చేర్చి, తాను చేసిన తప్పును దాచకుండా అందరికీ రాసి, ధనశ్రీ సునాబెడ బస్సెక్కింది. డబ్బాను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కనుక అటుకులు నింపి పట్టుకెళ్లింది.

గణపతిరావుగారు గుణుపురం దగ్గరి రైతు కుటుంబంలో పుట్టి, పందొమ్మిదో ఏట సునాబెడ ఫ్యాక్టరీలో చేరి, ముప్పై ఎనిమిదేళ్లు యంత్రాల హోరులో పనిచేశారు. అక్కడ మాటతో పనిలేదు. ఇంట్లో ఆయన వంతు కూడా శాంతిప్రియే మాట్లాడేది. పిల్లలు లేరు. పక్కింటివారి పేరైనా ఆవిడ చెబితేనే ఆయనకు తెలిసేది.

రెండో కలయిక నుంచి ధనశ్రీ ఒక పద్ధతి పెట్టింది: ముందుగా ఒక్కొక్కరి పేరు, పూర్వీకుల ఊరు చదవాలి, ఆ మనిషి "వచ్చేను" అనాలి. "శాంతిప్రియ, మెళియాపుట్టి" అని చదివింది. గణపతిరావుగారు లేచి, "వచ్చేను" అని కూర్చున్నారు. మల్లేశు వచ్చి ఆయన పక్కన చేరాడు.

"బాబాయ్, ఆయేల నా నోరు..."

"సలి పట్టనేదురా. బానే ఉన్నాను" అన్నారాయన.

ఆ తరువాత ఆయన ఊరూరూ తిరిగారు. శాంతిప్రియ ఎవరెవరి మంచిచెడ్డలు అడిగేదో వారందరి గడపలూ తొక్కారు. బొయిపరిగుడ వెళ్లి, "శాంతిప్రియ మొగుణ్ణి. బిడ్డకి జొరం తగ్గిందా?" అని అడిగారు. ఆ జ్వరం తగ్గి అప్పటికి నాలుగు నెలలైంది. అయినా ఆ ఇంట ఆయనకు భోజనం పెట్టారు. క్రమంగా అడగడం అలవాటైంది, వినడమూ అలవాటైంది. రెండో ఏటికి చిమ్మిలిలో బెల్లం గడ్డలు కట్టడం మానింది. ఆయన పేరు కూడా చేరుస్తానని ధనశ్రీ ఎన్నిమార్లు అన్నా, "ఇంటికో పేరు సాల్దేటి?" అనేవారు.

ఈ ఫాల్గుణంలో ఆయనను కొరాపుట్ ఆస్పత్రిలో చేర్చారని మల్లేశు కబురు పంపాడు. ధనశ్రీ వెళ్లేసరికి ఆయన ఊపిరి కూడదీసుకుని మాట్లాడుతున్నారు. మంచం పక్కనున్న డబ్బాను ఆమె చేతిలో పెట్టారు.

"ఖాళీ డబ్బా ఇస్తన్నాను, ఏటనుకోకు."

"బాబాయ్, వచ్చే ఆదివారం కలయికకి మీరే నింపి తెద్దురు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఈ పాలి ఆవిడ పేరు పక్కన నా పేరూ రాసుకో అమ్మి. ఇద్దరివీ సదువు. పలికీవోల్లు నేరని ఆగిపోకు. 'వచ్చేరు' అని నువ్వే అనీయి."