తొలిచూలుకు చిన్న ఆంబోతు

పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర ఉండగా కబురు తెలిసింది. పక్క చేను ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి, "మీ పెయ్యను సంపిన డాక్టర్ పోయిండట. సిరిసిల్లల. గుండె ఆగిందట" అని చెప్పి, కొమ్ము ఉడికిందో లేదో పుల్లతో పొడిచి చూసింది. నేను "అట్లనా" అన్నాను. ఆయన మీద ఆ పేరు వేసింది నేనే కాబట్టి కాదనడానికి నోరు రాలేదు.

ఆయన డాక్టర్ కూడా కాదు. గోపాలమిత్ర. ఎదకు వచ్చిన ఆవులకు, బర్రెలకు ఇంటికి వచ్చి సూది వేసేవాడు. బండి వెనక మూత తీస్తే పొగలు వచ్చే చల్లటి డబ్బా, అందులో రకరకాల ఆంబోతుల వీర్యం నింపిన సన్నటి గొట్టాలు. ఇబ్రహీంపట్నం పక్కన మా నాలుగైదు ఊళ్ళలో ఎగిరే దూడల్లో సగం ఆ డబ్బాలోంచి వచ్చినవే.

పోయినవాళ్ళంతా మంచివాళ్ళే అంటారు. ఈయన నోరు మాత్రం మంచిది కాదు. పశువు డొక్కలు తేలి కనిపిస్తే ఇంటామె మొహం మీదే "నువ్వు తిని దీన్ని ఎండవెట్టినవా" అనేవాడు. ఎద దాటిపోయాక పిలిచిన మగవాళ్ళను, పెండ్లయినంక బాజాలోళ్ళను పిలుస్తారా అని నలుగురిలో నవ్వులపాలు చేసేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎద గుర్తుపట్టడం తెలియక నేనూ ఎన్నోసార్లు తిట్లు తిన్నాను. కడుపు మండేది. అయితే పశువు గురించి ఇవాళ నాకు నాలుగు ముక్కలు తెలుసంటే ఆ తిట్ల పుణ్యమే.

ఆయనకో అలవాటు ఉండేది. ఎవరింట్లో ఆవు ఈనినా ఆడదా మగదా అని అడగడు. ఎంతసేపు పట్టింది, చెయ్యి పెట్టి లాగవలసి వచ్చిందా అని అడిగేవాడు. అట్లా అడిగి అడిగి, ఏ నంబరు ఆంబోతు దూడలు సులువుగా జారిపడతాయో, ఏ ఆంబోతు దూడలు పెద్ద తలకాయతో ఇరుక్కుంటాయో మనసులో పెట్టుకున్నాడు. ఇంకా ఒక్కసారి కూడా ఈనని పెయ్య అయితే ముందు దాని వెనక నిలబడి, రెండు తుంటి ఎముకల మధ్య జానలు వేసి కొలిచేవాడు. ఆ తర్వాతే డబ్బా మూత తీయడం. తొలిచూలుకు చిన్న దూడనిచ్చే జెర్సీ ఆంబోతే వేస్తాడు. కాళ్ళు పట్టుకున్నా పెద్ద జాతిది వేయడు.

"తలుపు ఎంతున్నదో సూసి మంచం కొనాలె" అనేవాడు. "పాలు రెండో ఈతల సూద్దాం. ముందుగాల పానం."

మా పెయ్యను మా అత్త పెంచింది. తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి, తన కొంగుతోనే మూతి తుడిచి సాకింది. పొట్టి నాటు జాతి. మస్కట్‌లో మా ఆయన ఉండే గదిలో ఎవరో, తమ ఇంటి నలుపు తెలుపు పెద్ద జాతి ఆవు బిందెలు నింపుతుందని చెప్పాడట. ఇక రోజూ ఫోన్లో అదే పాట. పెయ్య ఎదకు వచ్చిన పొద్దున గోపాలమిత్ర వచ్చి, కొలిచి, జెర్సీ తప్ప ఇంకోటి వేయనన్నాడు. మా ఆయన మాట చెప్తే, "ఈనేది నీ మొగడు కాదు గద" అన్నాడు, దారిన పోయేవాళ్ళు విని నవ్వుతుండగానే. నాకు తల కొట్టేసినట్టయింది. సూది అక్కర్లేదు పొమ్మన్నాను. అత్త చేనుకు పోయిన వేళ చూసి, కోరుట్ల నుంచి వేరే మనిషిని పిలిపించి పెద్ద జాతి సూదే వేయించాను. సాయంత్రం అత్త అడిగితే డాక్టర్ వచ్చి పోయాడని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు.

నెలలు నిండాక ఒకరోజు, మధ్యాహ్నమైనా రెండు గిట్టలు తప్ప ఏమీ బయటికి రాలేదు. సిగ్గు విడిచి ఆయనకే ఫోన్ చేశాను. వచ్చాడు. ఆ గిట్టల లావు చూసి ఏ ఆంబోతుది అని మెల్లగా అడిగాడు. చెప్పాను. తిట్టలేదు. ఆయన తిట్టకపోయేసరికి నాకు భయం పుట్టింది. చొక్కా విప్పి, సబ్బు నురగ పూసుకుని భుజం దాకా చెయ్యి పెట్టాడు. దూడ అప్పటికే చచ్చిపోయింది. తల పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. దూడ కాళ్ళకు తాళ్ళు కట్టి, పిలిస్తే వచ్చిన ఇద్దరు మగవాళ్ళు లాగుతుంటే పెయ్య మొదట అరిచింది, తర్వాత అరవడం కూడా మానేసి పళ్ళు కొరకసాగింది. ఆయన ఫోన్ చేసి పిలిచిన అసలు పశువుల డాక్టర్ ఇంకా దారిలో ఉన్నాడు.

చేను నుంచి అత్త పరుగెత్తుకొచ్చింది. గిట్టలు చూసి, "ఎవడేసిండు గీ సూది?" అని అడిగింది.

"డాక్టరే ఏసిండు" అన్నాను. "ఇంకెవలేస్తరు?"

ఆయన చెయ్యి ఇంకా లోపలే ఉంది. తల తిప్పి ఒక్కసారి నన్ను చూశాడు. నేను తాడు వైపు చూశాను. ఊళ్ళో ఎవరికీ లొంగని ఆ నోటితో, "తప్పయింది అవ్వా" అన్నాడు.

పొద్దుగూకక ముందే పెయ్య చచ్చిపోయింది. అత్త ఆయన మీద దుమ్మెత్తి పోసింది, వాకిట్లోని దుమ్మునే, రెండు చేతులతో. ఆయన నెత్తి దులుపుకుని, తాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయాడు. అసలు సంగతి తెలిసిన మా ఆయన కూడా ఫోన్లో తన తల్లికి జడిసి నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన్ను పిలిచే ఇళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. నిజం చెప్పడానికి నాకు ప్రతి పొద్దునా వీలుండేది. చెప్పలేదు. ఒకసారి రోడ్డు మీద ఎదురై బండి ఆపాడు. ఇక కడిగేస్తాడనుకున్నాను.

"నిజం తెలిస్తే నీ అత్త నిన్ను ఇంట్ల ఉండనియ్యది" అన్నాడు. "నాకేంది, మొగోన్ని, ఎక్కడన్న బతుకుత. ఇంకో పెయ్యను సాదితే మాత్రం కొలిసినంకనే సూది ఏపియ్యి."

ఎక్కడన్నా బతుకుతానన్నవాడు భార్యను ఊళ్ళోనే ఉంచి, సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. పశువు కడుపులో దూడ ఎన్ని నెలలదో చేతితో తడిమి చెప్పగల మనిషి, వచ్చేపోయే ఆటోలకు గేటు తీసి మూశాడు. అక్కడే, ఆ కుర్చీలోనే పోయాడట.

మంచి మనిషి అని ఇవాళ నేను రాస్తే ఏం లాభం? నన్ను కాపాడాడు. నా చేతిలో చెడిపోయాడు. ఈ రెండూ మా ఊళ్ళో ఎవరికీ తెలియవు. ఆయన భార్యకైనా చెప్పి ఉంటాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆమె ఎదురుపడితే సందులోకి తిరిగిపోయేదాన్ని.

దినాల రోజు మాత్రం తప్పించుకోలేక పోయాను. బంతిలో చివరన కూర్చున్నాను. ఆమె వడ్డిస్తూ వడ్డిస్తూ నా ముందుకు వచ్చి ఆగింది. గిన్నె కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, మీ పెయ్య ఉసురే మాకు తాకింది. ఆయన చేతుల తప్పయింది. పోయినోడు పోయిండు, మనసుల వెట్టుకోకు" అంది.

ఆయన నిజం ఆమెకు చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు.

అందరూ మా వైపే చూస్తున్నారు. మా అత్త పక్కనే కూర్చుని ఉంది. "మనసుల ఏం లేదక్కా" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గిన్నె ఎత్తుకుని, అందరికన్నా ఎక్కువగా నా విస్తరిలో రెండు గరిటెల కూర వేసింది. నేను తిన్నాను.