పుంతలో మా టైర్ల అచ్చులు

గోదావరి జిల్లాల్లో జీపు వేసుకుని తిరగాలనుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. తారు రోడ్డు మీదా మట్టి దారిలోనూ నడవాలంటే ఎలాంటి టైర్లు వేయించుకోవాలి అని. దానికి జవాబు నాకు తెలుసు. ఎలా తెలిసిందో మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. 2006 ఆగస్టులో ఒక శనివారం నేనూ మా ఆవిడ వాణీ రాజమండ్రి నుంచి పాలకొల్లు, నరసాపురం మీదుగా సముద్రం దాకా వెళ్ళివచ్చాం. చూడవలసిన దారే. మీరూ వెళ్ళండి. కానీ నేను వెళ్ళినట్టు వెళ్ళకండి.

అప్పట్లో నేను రాజమండ్రిలో చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుండేవాణ్ణి. ఆ వేసవిలో ఒక పాత డీజిలు జీపు కొన్నాను. టైర్లు అరిగిపోయి ఉన్నాయి. మోరంపూడి దగ్గర టైర్ల షాపు సత్యనారాయణ గారు జీపు చుట్టూ ఒకసారి తిరిగి, నెలలో ఎన్ని రోజులు మట్టి దారుల్లో తిరుగుతానని అడిగారు. నిజానికి ఒక్కరోజు కూడా తిరగను. ఆ మాట చెప్పడానికి నామోషీగా అనిపించి, చాలా తిరుగుతానన్నాను. ఆయన ఆల్ టెరైన్ రకం చూపించారు. టైరు మీది రబ్బరు దిమ్మలు మరీ పెద్దవి కావు, దగ్గర దగ్గరగా ఉంటాయి. తారు మీద తడిలో బ్రేకు వేసినా పట్టు ఉంటుంది, చేను గట్టు దారిలోనూ ఆగిపోదు. దాని పక్కనే మడ్ టైర్లున్నాయి. అరచేతి మందాన దిమ్మలు, వాటి మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందులు.

"అవి అడవిలో కలప లాగేవాళ్ళకండి," అన్నారాయన. "మీకెందుకండి? తారు మీద మోత, తడిలో జారుడు. పైగా తొందరగా అరిగిపోతాయండి."

నేను మడ్ టైర్లే వేయించుకున్నాను. జీపు నాలుగంగుళాలు పైకి లేచింది. వీధిలో అందరూ తిరిగి చూశారు. నాకు కావలసిందీ అదే.

ఆ శనివారం ఉదయం ఆరింటికి బయల్దేరాం. జొన్నాడ వంతెన దాటి, ఏడు దాటాక రావులపాలెంలో పెసరట్టు ఉప్మా తిన్నాం. ఇద్దరికీ కాఫీతో కలిపి నలభై రూపాయల లోపే. హైవే మీద టైర్ల మోతకి వాణి మాట నాకు వినపడలేదు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేసరికి సిద్ధాంతం వంతెన దగ్గర ఆవిడ మాట్లాడటమే మానేసింది. అక్కడ హైవే వదిలి ఎడమకి తిరిగి, పెనుగొండ, మార్టేరు మీదుగా తొమ్మిదిన్నరకి పాలకొల్లు చేరాం. క్షీరారామలింగేశ్వరుడి దర్శనం అరగంటలో అయిపోయింది. శనివారం పొద్దున గుడిలో జనం పలచగా ఉంటారు, గోపురం తీరిగ్గా చూడొచ్చు. బజారులో వాణి కొబ్బరి తాడు, నేను ఫొటో రీలు కొన్నాం. అంతకు ముందు రెండు రోజులూ వాన. ఆ పూట మబ్బు విడిచి ఎండ కాసింది.

నరసాపురం దాటి కొంత దూరం వెళ్ళాక తారు రోడ్డుకి ఎడమవైపు ఒక పుంత కనిపించింది. పుంత అంటే మా వైపు పొలాల మధ్య పాతకాలం బండ్ల బాట. దాని చివర మురుగు కాలువ గట్టు, గట్టెక్కితే నేరుగా సముద్రం వైపు దారి. తారు మీద చుట్టూ వెళ్తే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. అంతే తేడా. పుంత మొదట్లో రెండు కర్రల మీద అడ్డంగా వెదురు బొంగు పెట్టి, ఎర్ర గుడ్డ కట్టారు. పక్కన రాయి మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. జీపు ఆపగానే లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇటు వద్దండి. మెత్తగా ఉందండి. ట్రాక్టర్లు కూడా ఆపేసామండి. రెండెండలు కాస్తే గట్టిపడిపోద్దండి."

"మా టైర్లు చూశారా? ఎంత బురదైనా దిగబడవు," అన్నాను.

"మీరు పోతారండి. నేననేది మీ గురించి కాదండి, మా పేటలో..."

ఆయన మాట పూర్తి కాకుండానే నేను యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాను. వెదురు తీయమని నోటితో అడగలేదు. అడగకుండానే తీస్తాడని నాకు తెలుసు. జీపులో వచ్చినవాడికి కాదని చెప్పడం ఆయనకి అలవాటు లేదు. తీశాడు. "పాపం, ఏదో చెప్తున్నాడు కదా," అంది వాణి. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

ఆ కిలోమీటరు పావులో నా ఆనందం ఎలాంటిదో ఇప్పుడు రాయడానికి కూడా చేతులు రావడం లేదు. దారి మీద ఎర్రటి ఇటుక తుక్కు పరిచి చదును చేశారు. కింద నల్లమట్టి. టైర్లు తుక్కుని చీల్చుకుని నల్లమట్టిలోకి దిగి, మట్టిని వెనక్కి విసిరికొడుతూ పోయాయి. ఎక్కడా ఆగలేదు. మధ్యలో అన్నిటికన్నా మెత్తటి చోటు వస్తే వాణిని గట్టు మీద దింపి, కెమెరా ఇచ్చి, జీపుని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ముందుకు నడిపాను. బురద లేచిన ఫొటో సరిగా రాలేదేమోనని మూడోసారి కూడా. తర్వాత ఓ పాతిక ఇళ్ళ పేట, చిన్న చర్చి దాటి గట్టెక్కాం.

సముద్రం దగ్గర ఇసకలో అవే టైర్లు గోతులు తీసుకుని కూరుకుపోయాయి. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు వచ్చి తోశారు. "గాలి తగ్గించుకోవాలండి, సగానికి," అని వాళ్ళే నేర్పారు. ఒక పాక హోటల్లో చేపల పులుసుతో భోజనం, ఇద్దరికీ డెబ్భై రూపాయలు. రుచి ఇప్పటికీ గుర్తుంది. నాలుగున్నరకి తిరుగు ప్రయాణం. చుట్టూ తారు మీద వెళ్దామంది వాణి. పుంతలోనే సరదాగా ఉంటుందన్నాను నేను.

పేట దాటి కొంచెం ముందుకు వెళ్ళామో లేదో, దారిలో అడ్డంగా ఒక మూడు చక్రాల బండి పడి ఉంది. కాళ్ళు లేనివాళ్ళు చేత్తో తిప్పుకుని నడిపే బండి. ముందు చక్రం నా టైరు తీసిన గాడిలో ఇరుసు దాకా దిగిపోయి, బండి పక్కకి ఒరిగింది. గట్టు మీద ముప్ఫై ఏళ్ళావిడ కూర్చుని, పిల్లల నోటు పుస్తకాలని ఒక్కొక్కటే చీర చెంగుతో తుడుస్తోంది. నడుము దాకా బురద. తుడవడం ఎడమ చేత్తోనే. కుడి చేయి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

వాణి నాకన్నా ముందు దూకి వెళ్ళింది. గట్టు మీదున్నావిడ పేరు గ్రేసమ్మ. తారు రోడ్డు మీది ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. బడి నుంచి ఇంటికి వస్తూ పడింది. ఆ మాటలన్నీ వాణికి చెప్పి, తలెత్తి నా వైపు చూసింది.

"పొద్దున్న ఇటు పోయింది మీ బండేనాండి?"

"కాదండి," అన్నాను. "మేం సముద్రం దగ్గర్నుంచి ఇప్పుడే వస్తున్నాం."

అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. పుస్తకాలు ఏరుతున్న వాణి చేతులు ఆగిపోయాయి. ఆవిడ నన్ను చూడలేదు. చూస్తే బాగుండుననిపించింది.

ఇంతలో తారు రోడ్డు వైపు నుంచి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని పొద్దుటి పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆయన పేరు ఏసురత్నం, టీచరు గారి చిన్నాన్న. ఆవిణ్ణి చూసి, నన్ను చూసి, అలవాటు కొద్దీ మర్యాదగా అడిగాడు.

"పొద్దున్న వెళ్ళేటప్పుడు మీకేం ఇబ్బంది కాలేదు కదండి?"

ఆయనకి నేను చెప్పిన అబద్ధం తెలియదు. నిజంగానే అడిగాడు. గ్రేసమ్మ గారు తల వంచుకుని మరో పుస్తకం తుడవడం మొదలుపెట్టారు. "లేదండి," అన్నది వాణి, నా బదులుగా. "మాకేం కాలేదు."

కుడి మణికట్టు వాచిపోయింది. పాలకొల్లు డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తానన్నాను. జీపు ఎత్తు పెరిగిపోవడంతో ఆవిణ్ణి ఎక్కించడానికి ముగ్గురు పట్టవలసి వచ్చింది. పట్టుకున్నప్పుడల్లా "పర్లేదండి, పర్లేదండి" అంటూ ఆవిడే వాళ్ళకి సర్ది చెప్పారు. తారు రోడ్డు ఎదురుగా కనిపిస్తూనే ఉంది, కానీ మళ్ళీ ఆ దారి తొక్కే ధైర్యం లేకపోయింది. వెనక్కి పోనిచ్చి, గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. ఎక్స్‌రేలో ఎముక చిట్లినట్టు తేలింది. పిండికట్టు, నాలుగు వారాలు.

కట్టు ఆరేదాకా ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఏసురత్నం గారు మందులకి వెళ్ళారు. ఆ దారి గురించి గ్రేసమ్మ గారే చెప్పారు, వాణి అడిగితే. ఉద్యోగం వచ్చిన మొదటి రెండేళ్ళూ వానాకాలమంతా వాళ్ళ నాన్న వీపు మీద మోసుకెళ్ళి బడిలో దింపేవాడట. ఆయన పోయాక పేటలో వాళ్ళు ఆదివారం చర్చి అయిన తర్వాత ఇటుకల బట్టీ నుంచి తుక్కు గంపలతో తెచ్చి, మూడేళ్ళ పాటు కొంచెం కొంచెంగా పరిచారట. ఆవిడ బండి చక్రాలు సన్నవి కనక పెద్ద ముక్కల్ని సుత్తితో చితక్కొట్టి మరీ పోశారట. ఎవరి మీదా నింద లేకుండా చెప్పారు. బడిలో పాఠం చెప్పే గొంతు.

"నేను అబద్ధం చెప్పానండి," అన్నాను. "ఆ జీపు మాదే."

"తెలుసండి. మీ టైర్ల సందుల్లో మా ఇటుక ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి కదండి."

"మరి తెలిసి ఎందుకడిగారు?"

"చెప్తారేమోనని అడిగానండి," అన్నారు.

మర్నాడు ఆదివారం చర్చి వదిలే వేళకి నేను బస్సులో వెళ్ళాను. బట్టీలో మాట్లాడి రెండు ట్రాక్టర్ల తుక్కు పుంత మొదట్లో పోయించాను. లోపలికి ట్రాక్టరు వెళ్ళకూడదు కనక అక్కడి నుంచి గంపల మీదే మోశాం. పదో గంపకి నా మెడ పట్టేసింది. నాకన్నా పెద్దవయసు ఆడవాళ్ళు మోస్తుంటే పక్కకి తప్పుకోలేక, మోయలేక నిలబడ్డాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడింటికి అందరితో పాటు నాకూ గ్లాసుతో టీ ఇచ్చారు. తిడితే తట్టుకునేవాణ్ణి. ఆ టీ తాగడం మాత్రం చాలా కష్టమైంది. ఇంకో మూడు ఆదివారాలు వెళ్ళాను. ఆ నాలుగు వారాలూ గ్రేసమ్మ గారి బండిని పేటవాళ్ళు వంతులేసుకుని బడికి తోశారు. గాడులు పడిన మేర చేతుల మీద ఎత్తి దాటించారు. ఆవిడ ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఎడమ చేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకున్నారని ఆవిడతో ఫోనులో మాట్లాడిన వాణి చెప్పింది. నేనెళ్ళినప్పుడల్లా ఆవిడ నాకు నమస్కారం పెట్టి పలకరించారు. క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

తర్వాత టైర్లు మార్పించాను. ఇప్పుడు జీపుకి ఆల్ టెరైన్ రకమే ఉంది. తారు మీద మాట వినపడుతుంది, తడిలో బ్రేకు పడుతుంది, ఎండిన పుంతల్లో, గట్టు దారుల్లో ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. అయితే టైరు మార్చినంత మాత్రాన నేను మంచివాణ్ణయిపోయానని ఎవరూ అనుకోవద్దు. చిన్న దిమ్మలున్న టైరైనా తడి మట్టిని తవ్వుతుంది, కాస్త తక్కువగా తవ్వుతుంది, అంతే. టైరు ఎంచుకునేటప్పుడు మనమంతా ఇది నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్తుందనే అడుగుతాం. వెనకాల ఏం వదిలిపెడుతుందని షాపులో అడిగినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు తీసిన రీలు కడిగిస్తే ఫొటోలు చాలా బాగా వచ్చాయి. బురద తెర లాగా లేచి, మధ్యలో నేను నవ్వుతూ. వాణి వాటిని ఆల్బంలో పెట్టలేదు, చింపేయనూ లేదు. ఎక్కడ దాచిందో నేను అడగను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. వాన వెలిసిన తర్వాత మట్టి దారి ఎదురైతే ముందు జీపు దిగి, చెప్పులు విప్పి ఇరవై అడుగులు నడవండి. మడమ దిగబడిందంటే మీ టైరు ఏ రకమైనా సరే, చుట్టు తిరిగి తారు రోడ్డు మీదే వెళ్ళండి.