రెండే పాసులు

మా అత్తమ్మకు వచ్చే నెలలో మోకాలి ఆపరేషన్. ఆలోపే, టీవీలో చూసిన వెయ్యేళ్ల నాటి రాతి గుడిని కళ్లారా చూడాలని పట్టుబట్టింది. అక్కడికి పాసులు ముందే కొనాలి. అందుకని అత్తాకోడళ్లిద్దరం పటాన్‌చెరు బస్టాండ్ దగ్గరి ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లాం. ఆటోలో ఎటువైపు కూర్చోవాలన్నదాని మీద కూడా గొడవపడ్డాం. ఇరవై రెండేళ్లుగా మా కాపురం ఇదే.

ఫ్యాక్టరీలో మా ఆయనకు సెలవు మంగళవారమే. ఆ రోజుకు మిగిలినవి రెండే పాసులు. నేను తల్లీకొడుకుల పేర్లు చెప్పాను.

"ఆగు బేటా," అంది అత్తమ్మ సెంటర్ అతనితో. "నా కొడుకు పేరు తీసెయ్. మా కోడలు పేరు రాయి."

"నేనెందుకు అత్తమ్మా? ఆయనతోని పోరాదా?"

"వాడు బస్సెక్కంగనే పండుకుంటడు. నీతోనైతే దారి పొడుగూత కొట్లాడుకుంట పోత. మోకాళ్ల నొప్పి యాదికే రాదు."

సెంటర్ అతను ఆధార్ నంబర్ అడిగితే, కంఠతా వచ్చిన నా నంబరే రెండుసార్లు తప్పు చెప్పాను.

"గిదేనా నీ డిగ్రీ సదువు?" అంది అత్తమ్మ.