దారాలత్త డిజైన్ల కథ

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే గోడ పొడవునా రంగురంగుల దారపు కండెలు కనిపిస్తాయి కాబట్టి అందరికీ ఆమె దారాలత్త. పిల్లలకూ అత్తే, ఆ పిల్లల తాతలకూ అత్తే. ఆమెకు దాని మీద ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా "నీదేముందత్తా, అంతా మిషనే కుట్టేస్తుందిగా" అనేవాళ్ళ మీద. అలా అన్నవాళ్ళ పని ఎందుకో ఎప్పుడూ ఆలస్యంగానే పూర్తవుతుంది.

కుట్టేది మిషనే, నిజమే. ముందు గదిలో సగాన్ని ఆక్రమించుకున్న పన్నెండు సూదుల ఎంబ్రాయిడరీ మిషన్. కానీ పువ్వు రేకు ఎటు వాలాలో, కుట్టు ఏ దిక్కున పడాలో, బట్ట ముడుచుకుపోకుండా అడుగున పునాది కుట్టు ఎంత వేయాలో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ చెప్పడమే అత్త పని. కంప్యూటర్ ముందు కూర్చుని, బొమ్మలో ఒక్కో గీతనూ తన చేత్తో దిద్దుకుంటూ డిజైన్ చేస్తుంది. అలా చేసినవి ఆమె కొడుకు బడికి వెళ్ళే రోజుల నుంచీ పోగుపడి ఉన్నాయి. పిచ్చుకలు, పడవలు, నర్సుల టోపీల అంచులు, క్లబ్బుల బ్యాడ్జీలు, పేరు తెలియని ఆకులు.

అలాంటిది, ఒక ఉదయం కంప్యూటర్ కొండెక్కింది. రిపేరు చేసేవాడు చూసి పెదవి విరిచాడు. కోడలు పోరగా పోరగా అంతకుముందే డిజైన్లన్నీ ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అత్త ఆ రోజే మంచం పట్టేది. కొత్త కంప్యూటర్ వచ్చింది. పెన్ డ్రైవ్ పెట్టారు. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు.

అవి తెరుచుకునేది ఆ మిషన్‌తో పాటు వచ్చిన పాత సాఫ్ట్‌వేర్‌లోనే. ఆ సాఫ్ట్‌వేరే డిజైన్‌ని మిషన్‌కు అర్థమయ్యే కుట్లుగా మారుస్తుంది. దాని డిస్కు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. తయారు చేసిన కంపెనీని ఇంకెవరో కొనేసుకున్నారు. అంటే అత్త పనంతా చేతిలోనే ఉంది, కానీ కంటికి కనబడదు. మూత రాని డబ్బాలో పెట్టినట్టయింది ఆమె బతుకంతా.

"నేను వెతుకుతాను అత్తయ్యా. ఈ వారం మాత్రం నాకు ఊపిరి సలపదు. ఈలోగా మీరు ఎక్కడా ఏమీ నొక్కకండి," అంది కోడలు. ఆమె లైబ్రరీలో పాత పత్రికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగం చేస్తుంది. ఓపిక ఆ అమ్మాయికి జీతంలో భాగం.

"నేనేం చిన్నపిల్లనా?" అంది అత్త.

చిన్నపిల్ల కాదు, అంతకన్నా మొండి. పూల దుకాణం వాళ్ళు తమ పాత బ్యాడ్జీతోనే కొత్త ఏప్రన్లు కావాలని రోజూ ఫోన్ చేస్తున్నారు. మూడో ఫోన్‌కి అత్తకు ఓపిక అయిపోయింది. మధ్యాహ్నం కోడలు ఆఫీసులో ఉన్న సమయం చూసి, కొత్త కంప్యూటర్‌ను ముట్టలేదని చెప్పుకోవచ్చని బీరువాలోంచి కొడుకు చదువుకునే రోజుల నాటి ల్యాప్‌టాప్‌ను బయటికి తీసింది.

సాఫ్ట్‌వేర్ పేరు కొట్టగానే బోలెడు సైట్లు వచ్చాయి. అన్నిటిలోనూ తాటికాయంత అక్షరాలతో 'ఇక్కడ డౌన్‌లోడ్ చేసుకోండి' అని పచ్చ బటన్లు. ఒక్కో పేజీలో నాలుగైదు. ఇన్ని తలుపులున్న ఇంట్లో ఏ తలుపు ఇంటివాళ్ళదో ఎవరికి తెలుస్తుంది! అత్తకూ అనుమానం వచ్చింది. రెండు సైట్లు మూసేసింది కూడా. మూడో దానిలో ఒక వాక్యం చూసి మొహం వికసించింది: 'ఇన్‌స్టాల్ చేసే ముందు మీ యాంటీవైరస్‌ను ఆపేయండి.'

ఇంకొకరైతే అక్కడే ఆగిపోయేవారు. అత్తకు మాత్రం అది అయినవాళ్ళ గొంతులా వినిపించింది. ఎందుకంటే ఆ కంపెనీ టెక్నీషియన్ ఇంటికి వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోకముందే అనే మొదటి మాట అదే. ఆ మిషన్ కొన్నవాళ్ళెవరిని అడిగినా ఇదే చెబుతారు. "అమ్మయ్య, ఇది మనవాళ్ళదే!" అనుకుని యాంటీవైరస్ ఆపేసింది. పచ్చ బటన్ నొక్కింది. అడిగిన ప్రతిదానికీ సరే, సరే అంది.

పెన్ డ్రైవ్ చేతిలోనే ఉంది. పెట్టబోయింది. పెట్టబోయి ఆగింది. వాళ్ళ పనిలో కొత్త డిజైన్‌ని తిన్నగా గిరాకీ బట్ట మీద ఎవరూ కుట్టరు. ముందు పనికిరాని గుడ్డ ముక్క మీద కుట్టి చూస్తారు. ఆ అలవాటే చెయ్యి పట్టుకుని ఆపింది. 'ముందు ఖాళీగా నడుస్తుందేమో చూద్దాం' అని పెన్ డ్రైవ్‌ను జాకెట్టులోకి దోపుకుంది.

కాసేపటికి తెర నల్లబడింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, విప్పాలంటే డబ్బు పంపండి అని వాటి సారాంశం. అత్త ఏం చేయాలో తోచక ముందు వైఫై పెట్టె ప్లగ్గు పీకేసింది, తర్వాత ల్యాప్‌టాప్‌దీ పీకేసింది, ఆ కంగారులో ఫ్యాన్ కూడా ఆపేసింది. తర్వాత చెమటలు కక్కుతూ కూర్చుంది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి అలాగే ఉంది.

"పెన్ డ్రైవ్ పెట్టారా?" అని ఒక్కటే అడిగింది కోడలు.

అత్త జాకెట్టులోంచి తీసి చూపించింది. కోడలు గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలింది. "పోతే పోయింది ల్యాప్‌టాప్. అందులో మీ అబ్బాయి పాత పాటలే కదా. అవి పోతే నాకు హాయి."

"తిట్టవేమిటే?" అంది అత్త.

"ప్లగ్గు పీకారుగా. మా ఆఫీసులో కూడా అదే పీకమంటారు. తిట్టడానికేముంది?"

అత్త కళ్ళు చెమ్మగిల్లాయి. మర్నాడు వెతికి వెతికి ఆ పాత టెక్నీషియన్ నంబరు పట్టుకుంది. ఆయన రిటైరై మనవరాలికి సైకిల్ నేర్పుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, ఆ యాంటీవైరస్ ఎందుకు ఆపమనేవారు?"

ఆయన నవ్వాడు. "తాళంలా ఒక చిన్న ప్లగ్గు ఇచ్చాం గుర్తుందా చెల్లెమ్మా, కంప్యూటర్‌కు గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది? దాన్ని చూస్తే యాంటీవైరస్ రభస చేసేది. అది సరిచేయాల్సింది పోయి, ఆపేయండి అనేవాళ్ళం. మా బద్ధకం! కొంప ముంచామా ఏమిటి?"

"ముంచబోయారు. ఒడ్డున పడ్డాను."

ఆయన సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే పనికొచ్చే సంగతి చెప్పాడు. కంపెనీని కొన్నవాళ్ళు పాత సాఫ్ట్‌వేర్లను పారేయలేదు. మిషన్ వెనక రేకు మీదున్న నంబరు రాసి పంపితే పాత గిరాకీలకు ఇస్తారు. ఆ సంగతి ఎక్కడా గొప్పగా ప్రకటించరు, అంతే. అడ్రసు ఆయనే చెప్పాడు. పచ్చ బటన్ల ఊసే లేదు.

అత్త నంబరు పంపింది. జవాబు వెంటనే రాలేదు. అత్త ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి వచ్చింది. ఫైలుతో పాటు, కంపెనీ వాళ్ళ పేజీలో అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక పొడుగాటి వరస కూడా ఉంది.

"ఇది ఫైలు వేలిముద్ర అత్తయ్యా. మనం దింపుకున్నదానికీ ఇదే రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే," అంది కోడలు.

"అలా అయితే నువ్వు చూడు, నేను చదువుతాను." అత్త కళ్ళజోడు సర్దుకుని, దారం రంగుల నంబర్లు చదివినట్టే ఒక్కొక్కటీ విడివిడిగా చదివింది. తేడా లేదు. యాంటీవైరస్‌తో గాలించారు. కోడలు అప్పటికే పాత ల్యాప్‌టాప్‌ను పూర్తిగా తుడిచేసి కొత్తగా సిద్ధం చేసింది. నెట్ తగిలించకుండా ముందు దానిలో ఇన్‌స్టాల్ చేశారు. యాంటీవైరస్ ఆన్‌లోనే ఉంది. ల్యాప్‌టాప్‌కు గుచ్చిన ఆ తాళం ప్లగ్గును చూసి అది ఒకసారి గొణిగింది. ఇలా గొణుగుతుందని కంపెనీ వాళ్ళు ముందే రాసి, ఆ ఒక్క ప్లగ్గుకు మాత్రం ఎలా అనుమతివ్వాలో కూడా చెప్పారు. పెన్ డ్రైవ్‌ను కూడా అసలుది కాకుండా దాని నకలే పెట్టారు. రెండు రోజులు కనిపెట్టి చూశారు. ఏ వింతా జరగలేదు. అప్పుడు కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించారు.

తెర మీద డిజైన్లు వరసగా వచ్చి కూర్చున్నాయి. పిచ్చుకలు, పడవలు, టోపీల అంచులు. పూల దుకాణం బ్యాడ్జీ అన్నిటికన్నా పైనే ఉంది. అత్త కోడలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇన్నాళ్ళూ ఎన్నెన్ని అపురూపమైనవి పోగొట్టుకున్నానో అని ఆమె లోలోపల ఏడుస్తూనే ఉంది. ఇప్పుడు అవన్నీ ఎదురుగా ఉన్నాయి. సంతోషంతో ఒళ్ళు తేలిపోయింది.

బ్యాడ్జీ తెరిచింది. దగ్గరగా చూసింది. మొహం చిట్లించింది.

"ఛీ, ఇదేమిటిలా ఏడిసింది? రేకుల మీద కుట్లు ఇంత ఇరుకుగా వేశానేమిటి! బట్ట ముడుచుకోక ఏం చేస్తుంది?"

"అత్తయ్యా! ఇప్పుడే కదా దొరికింది. కాసేపు చూసి సంతోషించండి. అప్పుడే వంకలా?"

అత్త అప్పటికే మౌస్ అందుకుంది. ఒక రేకును పట్టుకుని కుట్ల మధ్య ఎడం పెంచింది.

"దొరకకపోయుంటే అన్నీ బంగారంలాంటివే అనుకుంటూ జీవితాంతం ఏడ్చేదాన్నే. దొరికాయి కాబట్టి కదా దిద్దుకుంటున్నాను," అంది. "ఆ కుర్చీ ఇలా లాక్కుని కూర్చో. చాలా ఉన్నాయి."