నారాయణప్ప మింగవలసిన మాత్రలు

ఈ ప్రయాణంలో పోయినవి ముందు చెబుతాను: బస్సులో మరిచిన నా గొడుగు, మునెమ్మ ఒక రోజు కూలి, కోలారు బస్‌స్టాండులో తెగిన ఒక చెప్పు, నలుగురు ఆడవాళ్ల సిగ్గు.

మునెమ్మ నా ఆడపడుచు. ఏడాదిగా తెల్లబట్టతో, దురదతో బాధపడుతోంది. రెండుసార్లు మందు వాడితే తగ్గి, మళ్లీ వచ్చింది. ఇది క్యాన్సరేనని తనే తీర్మానించుకుని, తను పోయాక తన చెవి కమ్మలు నన్ను తీసుకోమంది. కోలారులో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఉచితంగా చేస్తున్నారని విని మేమిద్దరం, పక్కిళ్ల ఆడవాళ్లిద్దరు బయలుదేరాం. "ఆడోళ్లు ఒంటిగా పోతారా?" అంటూ మునెమ్మ భర్త నారాయణప్ప కూడా బస్సెక్కాడు.

మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఏడున్నర బస్సు. ఆడవాళ్లకు టికెట్ ఊరికే. కండక్టర్ నారాయణప్ప ఒక్కడి దగ్గరే డబ్బు తీసుకున్నాడు.

"మమ్మల్ని కాపాడేదానికి నీకే ఖర్చయింది కదన్నా," అన్నాను.

తొమ్మిదికి ఆసుపత్రి చేరాం. పరీక్ష ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నర్సమ్మ నవ్వుతూ చెప్పింది.

"క్యాన్సర్ గుర్తులేమీ లేవమ్మా. ఇది ఇన్ఫెక్షను. పరీక్షకొచ్చేవాళ్లల్లో శానామందికి ఉండాది."

మా నలుగురిలోనే ముగ్గురికి మాత్రలిచ్చారు. మునెమ్మ బెంచీ మీద కూలబడి, కమ్మలు వెనక్కి ఇమ్మంది. అవి ఇంకా ఆమె చెవులకే ఉన్నాయి.

తర్వాత నర్సమ్మ నారాయణప్పను పిలిచింది. "మీరూ మింగాలప్పా. లేకుంటే ఆయమ్మకు మళ్లీ వస్తుంది. మాత్రలయ్యేదాకా సాయంత్రం తాగుడు మానాలి."

"నాకా? గనిలో ప్రతేడూ నన్ను బట్టలిప్పించి చూసి, ఫిట్ అని రాసినారు!"

"ఆ గనే మూతబడె. నీ ఫిట్ ఇంకా యాడుండాది?" అంది మునెమ్మ.

వరండా అంతా నవ్వింది.

బస్‌స్టాండు పక్కన రాగిముద్ద తిని, రెండు గంటల బస్సెక్కాం. నారాయణప్ప మళ్లీ టికెట్ కొన్నాడు. "టికెట్టూ నాకే, మాత్రా నాకే. ఇంగ మీకేముండాది?" అని దారంతా గొణిగాడు.

వెనక సీటు ముసలామె జాలిపడింది. "అంత చేదా నాయనా?"

"చేదు కాదవ్వా. సాయంత్రమవుతాది కదా!"

పరీక్షకు పోవాలనుకునేవాళ్లు భయపడకుండా పోండి. మొగుణ్ణి కూడా తీసుకుపోండి, టికెట్ కొనాల్సివచ్చినా సరే.

మునెమ్మ తన మాత్రలు ముగించింది. నారాయణప్పవి చొక్కా జేబులోనే ఉన్నాయి. రేపటినుంచి అంటున్నాడు. ఆమె ఆయన మంచం తీసి వసారాలో వేసింది.

నేటికీ బాకీ: పద్నాలుగు మాత్రలు.